సూక్ష్మనాళిక యెట్లు మొలచును?

పాలమూరు మెట్ట పొలములలో ఆముదము గెల వేయు దినములలోనే ముసురు పట్టుట రైతులకు క్రొత్త కాదు. నాలుగు దినములు ఎండ మొగము కనబడక గాలిలో తేమ నిలిచిపోయినచో, గెలలపై బూడిదరంగు నూగువంటి బూజు పుట్టును. కాయలు మెత్తబడి కుళ్ళిపోవును. దీనినే బూజు తెగులు అందురు. బొట్రైటిస్ రిసిని అను శిలీంధ్రము దీనికి కారణము. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు ఒకప్పుడు ఆముదపు సాగుకు ఆటపట్టులు. నేడు ఆ నేలలో చాల భాగము ప్రత్తి పాలైనను, పాలెములోని వ్యవసాయ పరిశోధన కేంద్రము ఆముదమును విడిచిపెట్టలేదు. లీటరు నీటికి ఒక గ్రాము కార్బెండజిమ్ కలిపి గెలలపై చల్లుట ఈ ప్రాంతపు రైతులు చాలకాలముగా ఎరిగిన పద్ధతి.

ఆ ఒక్క గ్రాము మందు బూజును ఏ విధముగా చంపును? బూజు పోగుల లోపల, కంటికి గాని సాధారణ సూక్ష్మదర్శినికి గాని స్పష్టముగా కానరాని సన్నని గొట్టములు పరచుకొని యుండును. పోగు కొన పెరుగుటకు కావలసిన సరకు ఈ గొట్టముల వెంబడి మోయబడును. కేంద్రకము రెండుగా చీలునపుడు క్రోమోసోములను చెరియొక వైపునకు లాగునవియు ఇవియే. కార్బెండజిమ్ ఈ గొట్టములను కట్టు ఇటుకలను పట్టుకొని, ఒకదానితో నొకటి కలియకుండ చేయును. గొట్టము లేనిదే విభజన లేదు. విభజన లేనిదే బూజు పెరుగదు.

ఇంతవరకు మందు సంగతి. అయితే ఈ మందు కుటుంబములోనిదే అయిన మరియొక మందు, కణశాస్త్రములో చాలకాలము తెగక నిలిచిన ఒక ప్రశ్నకు జవాబును చూపినది. ఈ గొట్టములు పెరుగుట సరే. అసలు మొదలగుట యెట్లు? ఈ వ్యాసమునకు విషయము ఆ ప్రశ్నయే.

గొట్టములకు సూక్ష్మనాళికలని పేరు. బూజులోనే గాక ఆముదపు మొక్కలోను, దానిని పండించు మనిషిలోను ఇవి కలవు. ఒక్కొక్క దాని వెలుపలి వ్యాసము సుమారు 25 నానోమీటర్లు. ప్రక్కప్రక్కన పేర్చినచో ఒక తలవెంట్రుక మందమునకు సుమారు 3,000 నాళికలు పట్టును. నాళిక గోడ ట్యూబ్యులిన్ అను ప్రోటీనుతో కట్టబడినది. 1967లో గారీ బోరిసీ, ఎడ్విన్ టేలరు అను శాస్త్రజ్ఞులు కాల్చిసిన్ అను మందు కణములో దేనిని పట్టుకొనునో వెదకుచు ఈ ప్రోటీనును గుర్తించిరి. మరుసటి సంవత్సరము జపానుకు చెందిన హిడియో మోహ్రి దానికి ట్యూబ్యులిన్ అని పేరు పెట్టెను. (నల్లమల అడవులలో ఎఱ్ఱని, పసుపుపచ్చని రేకులతో పూచు అగ్నిశిఖ దుంపలో ఉండు విషము ఈ కాల్చిసినే. నాటు వైద్యమని ఆ దుంపను తిని ప్రాణము మీదికి తెచ్చుకొనువారి శరీరములో జరుగునది కూడ నాళికల ధ్వంసమే.)

ట్యూబ్యులిన్ ఒంటరిగా ఉండదు. ఆల్ఫా, బీటా అను రెండు ప్రోటీనులు ఒకదానిపై నొకటి కూర్చుండి 8 నానోమీటర్ల పొడవు గల జంటగా నుండును. జంటలు తలతో తోక కలిసి వరుసగా నిలిచినచో ఒక పోగు అగును. ఇట్టి 13 పోగులు ప్రక్కప్రక్కన చేరి గుండ్రముగా మూసుకొనినదే నాళిక. లెక్క కట్టి చూడవచ్చును: మిల్లీమీటరులో వేయవ వంతు పొడవు గల నాళికకు ఒక్కొక్క పోగులో 125 జంటలు, పదమూడు పోగులలో 1,625 జంటలు కావలెను.

అన్ని జంటలు ఒకే దిశగా నిలుచుటచేత నాళిక రెండు కొనలును ఒకటి కావు. ఒక కొన యందు బీటా బయటికి కనబడును. పెరుగుదల ఎక్కువగా ఇక్కడనే జరుగును. రెండవ కొన యందు ఆల్ఫా బయటికి కనబడును. పెరుగుచున్న నాళిక హఠాత్తుగా కూలుటయు, కూలుచున్నది మరల పెరుగుటయు కలదని 1984లో టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ చూపిరి. కణమునకు ఇది నష్టము కాదు. అవసరమైన చోట కట్టి, అక్కర తీరగానే విప్పి, ఆ ఇటుకలనే మరియొక చోట వాడుకొనుటకు ఇదియే ఉపాయము.

పెరుగుట ఇంత సులభమైనపుడు మొదలగుట మాత్రము ఏల కష్టము? వెదురు గంప అల్లువారిని చూచినవారికి ఈ చిక్కు తెలియును. గంప గోడ అల్లునపుడు చేయి ఆగదు; మాటలాడుచునే అల్లుదురు. అడుగు పట్టునపుడు మాత్రము మాట ఉండదు. అడ్డముగాను నిలువుగాను పరచిన నాలుగు బద్దలు కాలితో త్రొక్కి పట్టనిదే నిలువవు. చేయి తీసిన విడిపోవును. అడుగున రెండు చుట్లు బిగిసిన తరువాత గంప తనంత తాను నిలుచును. మరియొక విశేషము కూడ కలదు. గంప గోడలో ఎన్ని నిలువు బద్దలుండవలెనో అడుగులోనే నిర్ణయమైపోవును. నడుమ మార్చుటకు వీలు లేదు.

ట్యూబ్యులిన్ సంగతియు ఇట్లే. రెండు జంటలు కలిసినను వాని మధ్య పట్టు స్వల్పము, మరుక్షణమే విడిపోవును. మూడు కలిసినను అంతే. గోడ అన్నచో ప్రతి జంటకు పైన, క్రింద, ప్రక్కల పొరుగువారుందురు; గోడయే లేనపుడు పట్టుకొనుటకు ఎవరున్నారు? కొన్ని జంటలు ఒకే సమయమున ఒకే చోట సరియైన వంకతో చేరిననే గాని కట్టడము నిలువదు. 1972లో రిచర్డ్ వైసెన్‌బర్గ్ మెదడు నుండి తీసిన ట్యూబ్యులినుతో గాజు గొట్టములోనే నాళికలను మొలపించగలిగెను. అయితే ఆధారమేదియు లేక ఇట్లు మొలచుటకు ట్యూబ్యులిన్ మిక్కిలి చిక్కగా ఉండవలెను; ఉన్న నాళిక పెరుగుటకు అంత చిక్కదనము అక్కరలేదు. పైగా అట్లు మొలచిన నాళికలలో అన్నిటికి పదమూడు పోగులుండవు. పదునాలుగు గలవి చాల కనబడును. కణములో మాత్రము సాధారణముగా పదమూడే. అనగా కణములో ఎవరో అడుగు పట్టి యిచ్చుచున్నారన్న మాట. ఎవరు?

జవాబు వచ్చినది మెదడును పరీక్షించిన ప్రయోగశాల నుండి కాదు, బూజును పెంచిన ప్రయోగశాల నుండి. బెనోమిల్ అను శిలీంధ్రనాశిని పూర్వము పంటలపై విరివిగా వాడబడినది. నీటిలో అది విచ్ఛిన్నమై కార్బెండజిమ్‌గా మారును. ఆస్పర్జిల్లస్ నిడులాన్స్ అను బూజును బెనోమిల్ కలిపిన ఆహారముపై పెంచగా, చాల వరకు చచ్చి, ఎక్కడనో ఒకటి బ్రతికి బయటపడెడిది. అట్లు బ్రతికిన వానిలో కొన్నిటికి బీటా ట్యూబ్యులిన్ తయారుచేయు జన్యువే మారినదని 1978 నాటికి రొనాల్డ్ మోరిస్ ప్రయోగశాలలో తేలినది. మారిన బీటా ఇటుక మందుకు దొరకదు. కనుక నాళిక నిలుచును.

ఈ బ్రతికినవానిలో ఒకదానికి విచిత్రమైన లోపమున్నది. మందును తట్టుకొనును గాని వేడిని తట్టుకొనలేదు. ఉష్ణోగ్రత పెరిగినపుడు దాని నాళికలు అవసరమునకు మించి గట్టిపడి, విప్పుకొనవలసినపుడు విప్పుకొనవు. ఓహియో రాష్ట్ర విశ్వవిద్యాలయములో బెర్ల్ ఓక్లీ, ఎలిజబెత్ ఓక్లీ దంపతులు ఈ రకమును తీసికొని వేరొక ప్రశ్న వేసిరి: వేడిలో కూడ పెరుగునట్లు దీనిని బాగుచేయు రెండవ మార్పు ఎక్కడ జరుగగలదు? రెండు పండ్ల చక్రములలో ఒకదాని పన్ను వంగినచో, దానితో కలియు రెండవ చక్రపు పన్నును తగినట్లు వంచి యంత్రమును నడిపించవచ్చును గదా. కాబట్టి బాగుచేసిన మార్పు ఏ జన్యువులో నున్నదో కనుగొన్నచో, బీటా ట్యూబ్యులిన్‌తో మెలగు ప్రోటీను ఏదో బయటపడును.

కొన్ని మార్పులు ఆల్ఫాలో కనబడినవి, అది ఎదురుచూచినదే. మరియొకటి అంతకుముందు ఎవరును ఎరుగని జన్యువులో నుండెను. 1989లో దాని వరుసను చదువగా, అది నాళికకు అంటుకొను ఏదో పరాయి ప్రోటీను కాదనియు, మూడవ ట్యూబ్యులిన్ అనియు తేలినది. ఆల్ఫా, బీటాలతో దానికి మూడవ వంతు పోలిక కలదు. దానికి గామా ట్యూబ్యులిన్ అని పేరు. కణములో దీని పరిమాణము ఆల్ఫా, బీటాలతో పోల్చినచో నూటికి ఒక పాలు కూడ ఉండదు. ఇటుకలలో ఇదియు ఒకటి అయినచో ఇంత తక్కువగా ఉండుటకు వీలు లేదు. మరుసటి సంవత్సరము అది బూజు కేంద్రకపు పొరలో పొదిగిన బిళ్ళ వద్ద, అనగా నాళికలు బయలుదేరు చోటనే, కూర్చుండి యున్నదని చూపిరి. జన్యువును తొలగించినచో కేంద్రకము విభజన చెందలేకపోయెను. అడుగు పట్టువాని చిరునామా దొరికినది.

ఒక గామా అణువు గంపకు అడుగు కాజాలదు. 1995లో యిషియన్ ఝెంగ్, ఆమె సహచరులు కప్ప గ్రుడ్ల నుండి గామా ట్యూబ్యులినును శుద్ధిచేయగా, అది పెద్ద ప్రోటీను సముదాయములో భాగముగా వెలువడినది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అది తెఱపి గల ఉంగరము వలె కనబడెను. ఉంగరము వ్యాసము నాళిక వ్యాసమునకు ఇంచుమించు సమానము. శుద్ధమైన ట్యూబ్యులినులో దీనిని వేయగా నాళికలు మొలచినవి. దీనినే గామా ట్యూబ్యులిన్ వలయ సముదాయమందురు. ఇచట వలయమని చెప్పుకొందము. దీని భారము సుమారు 22 లక్షల డాల్టన్లు. ఒక ట్యూబ్యులిన్ అణువు భారము 50 వేలు మాత్రమే.

ఈ వలయము కూడ కట్టవలసినదే గదా, దాని అడుగు ఎవరు పట్టుదురని చురుకైన విద్యార్థి అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మన కణములలో గామాను మోయు ప్రోటీనులు అయిదు రకములు. వీనిని జి.సి.పి. 2, 3, 4, 5, 6 అని పిలుతురు. ఒక్కొక్కటి ఒక గామాను తలపై ఎత్తుకొని నిలువు మేకు వలె నుండును. రెండవదియు మూడవదియు జోడుగా చేరి రెండు గామాలతో చిన్న సముదాయమగును. బేకరీలో వాడు ఈస్టులో ఇట్టి చిన్న సముదాయములు ఏడు వరుసగా చేరి వలయమగును. 4, 5, 6 అనునవి ఆ ఈస్టులో లేనే లేవు. మనిషిలో మాత్రము 4, 5, 4, 6 అను వరుసలో నాలుగు మేకులు ఒక చోట చేరి మొదటి ముక్క అగుననియు, దానికి 2, 3 జోడులు ఒకటొకటిగా వచ్చి తగులుకొనుననియు ఇటీవలి పరిశోధనలలో తేలినది. ఈ కూర్పులో ఆరవదానికి ప్రాముఖ్యము హెచ్చు. ముక్కల మధ్య పట్టు ట్యూబ్యులిన్ జంటల మధ్య పట్టు కంటె గట్టిది. కాబట్టి ఒకసారి కూడిన వలయము చెదరక నిలుచును. ట్యూబ్యులిన్ తనంత తాను దాటలేని గట్టును కణము ముందుగానే దాటి, వలయములను సిద్ధముగా ఉంచుకొనుచున్నదన్న మాట.

2020లో హైడెల్‌బర్గ్, న్యూయార్క్ మొదలగు చోట్ల పనిచేయు బృందములు గడ్డకట్టించిన వలయములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చిత్రించి, మేకుల వరుసను స్పష్టముగా చూచిరి. రెండు వింతలు కనబడినవి. మొదటిది, వలయము నడుమ యాక్టిన్ అణువు ఒకటి పొదిగియున్నది. యాక్టిన్ కండరములలో పనిచేయు ప్రోటీనని పాఠ్యపుస్తకములలో చదువుదుము. ఇక్కడ దానికేమి పని అని అందరును ఆశ్చర్యపడిరి. రెండవది, గామాలు పదునాలుగు. నాళిక పోగులు పదమూడు!

ఈ రెండవ వింతను మోటారు పంపు బిగించునపుడు వాడు స్ప్రింగు వాషరుతో పోల్చవచ్చును. వాషరు పూర్తి ఉంగరము కాదు. ఒక కొన పైకి, ఒక కొన క్రిందికి తేలి యుండును. వలయము కూడ ఇట్లే మెలిక తిరిగి, పదునాలుగవ మేకు మొదటి మేకు మీదికి వచ్చును. నాళిక గోడలో ఇటుకలు కూడ సమతలముగా గాక మెలికగా ఎక్కును గనుక ఈ ఆకారము దానికి తగినదే. అయితే విడిగా చూచిన వలయము కొంచెము వెడల్పుగా, వంకరగా తెఱచుకొని యుండెను. నాళిక కొలతకు అది సరిపోదు. అచ్చు వంకర అయినచో దానిలో పోసిన బొమ్మ తిన్నగా వచ్చుట యెట్లు?

2024లో వెలువడిన పరిశోధనలు ఈ చిక్కును విప్పినవి. నాళిక మొలచుచున్న క్షణములోని మానవ వలయమును చిత్రించగా, అది తెఱచుకొని గాక మూసుకొని, పదమూడు పోగులకు సరియైన అచ్చుగా మారియుండెను. తొలి ఇటుకలు వలయముపై కూర్చుండుచు దానిని మూయించుచున్నవి. మూసుకొనిన వలయము తరువాతి ఇటుకలకు చోటు సరిచేయుచున్నది. సి.డి.కె.5ఆర్.ఎ.పి.2 అను పొడుగు పేరుగల ప్రోటీను కూడ వలయమును తాకి దానిని మూసుకొనునట్లు చేయును. వంకరగా ఉండుట లోపము కాదు, తాళము. కణములో వలయములు అంతటను తేలుచుండును. అవి యన్నియు ఎప్పుడు పడిన అప్పుడు నాళికలను మొలపించినచో కణము చిక్కుపడిన నూలు వలె అగును. తాళము తీయు ప్రోటీనులు ఎక్కడ నుండునో అక్కడనే నాళిక మొలచును.

ఆ చోటు జీవికి జీవికి వేరు. జంతుకణములో కేంద్రకము ప్రక్కన నుండు సెంట్రోసోము ముఖ్యమైన చోటు. దీనిని సులభముగా చూపు ప్రయోగమొకటి కలదు. కార్బెండజిమ్ కుటుంబములోనిదే అయిన నొకోడజోల్ అను మందుతో కణములోని నాళికలనన్నిటిని విప్పివేయుదురు. తరువాత మందును కడిగివేయుదురు. నిముషములలోనే సెంట్రోసోము చుట్టు నాళికలు నక్షత్రపు కిరణముల వలె మొలచును. మందు ఇటుకలను పట్టుకొన్నది గాని వలయములను చెరపలేదు. అవి కాచుకొని యుండెను.

ఆముదపు మొక్కకు సెంట్రోసోము లేదు. ఏ పూలమొక్కకును లేదు. ఉన్నత పాఠశాలలో ఉల్లి వేరు కొనను నలిపి రంగు వేసి చూచునపుడు క్రోమోసోములు రెండు గుంపులై విడిపోవుట కనబడును. అక్కడ కండె తంతువులను సెంట్రోసోము లేకయే కణము కట్టినది. మొక్కకణములో వలయములు కణత్వచము లోపలి వైపునను, ఇదివరకే యున్న నాళికల ప్రక్కలను అంటుకొని, అక్కడ నుండి సుమారు 40 డిగ్రీల కోణముతో క్రొత్త నాళికలను కొమ్మల వలె మొలపించును. ఈ నాళికల దారినే సెల్యులోసు పోగులు గోడలో పరచుకొనును. నల్లగొండ ప్రత్తిగింజపై లేచు దూదిపోగు ఒక్కటే కణము. అది అడ్డముగా ఉబ్బక పొడవుగా సాగుట ఈ నాళికల అమరికను బట్టియే.

వలయము సరిగా కుదరనిచో ఏమగును? మానవ శిశువు మెదడు గర్భములో పెరుగునపుడు దాని మూలకణములు లెక్కకు మించి విభజన చెందవలెను. నాళికలు వేళకు మొలవనిచో విభజనలు తగ్గి, తల చిన్నదిగా శిశువు జన్మించును. పైన చెప్పిన తాళము తీయు ప్రోటీను జన్యువులో లోపము ఇందుకు ఒక కారణమని 2005లో తెలిసినది. జి.సి.పి. 6లో లోపముచేత 2012లోను, జి.సి.పి. 4లో లోపముచేత 2015లోను ఇట్టి కుటుంబములు గుర్తింపబడినవి. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులును చెడినపుడే ఈ వ్యాధి కలుగును. ఒకటి బాగున్నను చాలును. మేనరికములలో తల్లిదండ్రులకు ఒకే పూర్వికుని నుండి ఒకే చెడిన ప్రతి సంక్రమించు అవకాశము హెచ్చు. తెలుగునాట మేనమామ, మేనబావ సంబంధములు వాడుక గనుక ఉపాధ్యాయులు జన్యుశాస్త్ర పాఠములో ఈ ఉదాహరణమును వాడుకొనవచ్చును.

మరల మందు వద్దకు వత్తము. పాఠశాలలలో నులిపురుగుల నివారణ దినమున పిల్లలకిచ్చు ఆల్బెండజోల్ మాత్ర కూడ కార్బెండజిమ్‌కు దాయాదియే. పురుగు బీటా ట్యూబ్యులినును అది పట్టుకొనినంత గట్టిగా మనిషి ట్యూబ్యులినును పట్టుకొనలేదు. అందుచేతనే పురుగు చచ్చి పిల్లవాడు క్షేమముగా నుండును. గొర్రెల పొట్టలో రక్తము పీల్చు హీమోంకస్ పురుగుకు ఈ మందులు త్రాగించుట పాలమూరు గొల్లకురుమలకు తెలిసినదే. కాని ఒకే మందు మాటిమాటికి త్రాగించిన చోట్ల, బీటా ట్యూబ్యులిన్‌లో 200వ స్థానమున ఫినైల్ అలనిన్‌కు బదులు టైరోసిన్ గల పురుగులు మిగిలి వృద్ధిచెందును. ద్రాక్షతోటలలో బూజు తెచ్చు బొట్రైటిస్ సినీరియాలో 198వ స్థానము మారి కార్బెండజిమ్ పనిచేయకపోవుట అనేక దేశములలో కనబడినది. ఓక్లీ దంపతులకు గామాను చూపిన బూజు కూడ మందునుండి ఈ విధముగానే తప్పించుకొన్నది. ప్రయోగశాలలో అది వరము, చేనులో అది నష్టము.

ఆముదపు బూజు తెగులునకు నేడు ప్రొపికొనజోల్ లీటరు నీటికి ఒక మిల్లీలీటరు చొప్పున కలిపి చల్లుటయు సిఫార్సులో కలదు. ఈ మందునకు నాళికలతో పని లేదు. బూజు కణత్వచమునకు కావలసిన ఎర్గోస్టెరాల్ అను కొవ్వు తయారుకాకుండ అది అడ్డుపడును. బీటా ట్యూబ్యులిన్‌లో ఏ మార్పు జరిగినను ఈ దెబ్బ నుండి బూజునకు రక్షణ దొరకదు.